సంతకాల కాగితంలో కందిపప్పు

డాండెనాంగ్, మెల్‌బోర్న్,
22 ఆగస్టు 1999, ఆదివారం.
పొద్దుటి నుంచీ ముసురు. బురదైన పని బూట్లు కడిగి హీటర్ పక్కన ఆరబెట్టాను.

మసూదాకు సలాములు. అల్లా దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, యుస్రా, అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను.

యుస్రాకు పాస్‌పోర్టు వచ్చిందన్నావు, సంతోషం. ఇక్కడి చలికి స్వెట్టర్లు సరిపోతాయా అని అడిగావు. సరిపోవు. మీరు వచ్చాక ఇక్కడే కోట్లు కొందాం.

అమెరికా, ఆస్ట్రేలియా స్నేహితులే కదా, మరి ఈ గొడవేమిటన్నావు. స్నేహితులే. కానీ అమ్మేది వీళ్ళు, కొనేది వాళ్ళు. అక్కడి గొర్రెల రైతులు మొరపెట్టుకుంటే జూలైలో ఇక్కడి గొర్రెమాంసం మీద సుంకం వేశారు. మా మాంసం ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ఫోర్‌మన్ నెవిల్, అమెరికా పక్షాన వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు. "వాళ్ళ యుద్ధానికి నేను పనికొచ్చాను, నా గొర్రెపిల్ల పనికిరాలేదా మేట్?" అంటూ మా అందరి చేతా సంతకాలు పెట్టించి, ఆ కాగితాన్ని అమెరికా కాన్సులేట్‌కి పంపాడు. నీకు పంపిన పేపర్ ఫోటోలో దాన్ని పట్టుకు నిలబడ్డది అతనే.

"ఏమండీ, ఆ సంతకాల మధ్య తెలుగులో కందిపప్పు అని ఉందేం? ఎవరా మహానుభావుడు?" అని రాశావు. నవ్వుకునే రాసి ఉంటావు.

నేనే, మసూదా.

నీకు చెప్పలేదు. మే నెలలో అమెరికాలో కంప్యూటర్ పనికి దరఖాస్తు పెట్టుకున్నాను. పాత ప్రోగ్రాముల్లో రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే పని. సొంతంగా నేర్చుకున్నవాణ్ణయినా తీసుకుంటామన్నారు. నా వీసా కాగితాలు ఆ కాన్సులేట్‌లోనే ఉన్నాయి. కలం నా చేతికి వచ్చేసరికి, నా పేరు వాళ్ళ కంట పడుతుందేమోనని భయమేసింది. తెలుగులో ఏదో ఒకటి రాస్తే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. పొద్దున కొనాలని డైరీలో రాసుకున్న మాటే చేతికి వచ్చింది.

"గుడ్ ఆన్ యా! మీ భాషలో సంతకం ఎంత బాగుందో!" అని నెవిల్ నా భుజం తట్టాడు.

అమెరికా ఆర్డర్లు తగ్గి, మొన్న శుక్రవారం రెండో షిఫ్టు ఎత్తేశారు. నెవిల్ ఉద్యోగం పోయింది. నాది ఉంది. వెళ్తూ వెళ్తూ అతను నా లాకర్‌కి ఒక అట్టముక్క అతికించాడు. పేపర్ ఫోటో చూస్తూ ఒక్కో అక్షరం మార్కర్‌తో దిద్దాడట. కందిపప్పు. పవత్తు కూడా తప్పలేదు.

"నీ పేరు సరిగ్గా వచ్చిందా, రహీమ్?"

వచ్చిందన్నాను.

నిన్ను ఇక్కడికి రమ్మంటూనే ఇంకో దేశానికి కాగితాలు పెట్టినవాణ్ణి. వాటిని వెనక్కి తీసుకుంటానని రాయబోయి రెండుసార్లు ఆగిపోయాను. నీకేమనిపిస్తుందో రాయి.

ఈరోజు డైరీలో ముసురు రాశాను, బూట్లు కడిగింది రాశాను. అవి ఎందుకు బురదయ్యాయో రాయలేదు. నెవిల్ ఇంటిదాకా నడిచి వెళ్ళి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చాను.

ఇట్లు,
ఈసారి సొంత పేరుతోనే,
యుస్రా నాన్న,
షేక్ రహీమ్