వెనక్కి చూసే పిచ్చుక

ఫోన్ సగంలో పెట్టేసే అమ్మకు,

మొన్న కూడా అంతే చేశావు. నేను మాట పూర్తి చేయకముందే "సరేలే, పొయ్యి మీద పాలున్నాయి" అన్నావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

చెల్లి మీద కేసు సంగతి నీకు తెలుసు. బట్టల మిల్లులో బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తున్నప్పుడు అది గీసిన బొమ్మ, తీగ మీద వరసగా వాలిన పిచ్చుకలు, మిల్లు కర్టెన్ల మీద అచ్చయింది. ఉద్యోగం మానేసి సొంత దుకాణం పెట్టుకున్నాక అదే తీగను చెక్క అచ్చుల్లో చెక్కించి సంచుల మీద వేసింది. జీతానికి గీసింది యజమానిదే అంటుంది చట్టం. గీసిన చెయ్యి తనదే అయినా, తన బొమ్మను తనే దొంగిలించినట్టు. ఇన్నేళ్ళుగా లా కాలేజీలో నేను పాఠం చెబుతున్న సూత్రమే ఇది. చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు తడబడలేదు.

నకలుకు రుజువుగా మిల్లు లాయరు పట్టుకున్నది ఒక్క పిచ్చుకను. మిగతావన్నీ ముందుకు చూస్తాయి. అదొక్కటే మెడ మెలితిప్పి వెనక్కి చూస్తుంది. అంత మెలిక ఏ పిచ్చుక మెడా తిరగదు. అందం ఇద్దరికి విడివిడిగా తట్టవచ్చు గానీ, ఒకే తప్పు తట్టదు. అందుకే కోర్టులు నకలును తప్పుల్లో వెతుకుతాయి. ఫోన్‌లో నువ్వు విన్నది ఇంతవరకే.

వినని సగం ఇది. ఆ పిచ్చుక చెల్లిది కాదమ్మా, నీది. మన భోజనాల బల్ల మీది గుడ్డ గుర్తుందా? ఇస్త్రీపెట్టె కాల్చిన చిల్లును కప్పడానికి పిచ్చుక మెడను నువ్వు అటు తిప్పి కుట్టావు. అప్పటికి చెల్లికి బల్ల కూడా అందదు. ఆ గుడ్డ చూపిస్తే చాలు. తను పుట్టించని బొమ్మ మీద చెల్లికి హక్కు లేదు; దానికే లేని హక్కు మిల్లుకు ఎక్కడినుంచి వస్తుంది? కేసు అక్కడే కూలిపోతుంది.

ఒక్కటే బాధ. "నా ఊహలోంచి గీశాను" అని అది ప్రమాణం చేసి చెప్పింది. మరిచిపోయిందో, దాచిందో నాకు తెలియదు. నువ్వు దానికి కుట్లు, బొమ్మలు నేర్పుతుంటే నేను పక్కగదిలో చదువుకునేదాన్ని. నాకెందుకు నేర్పలేదని ఇప్పటిదాకా అడగలేదు. ఆ పాత ఈర్ష్యే ఇప్పుడు అనుమానమై కూర్చుందేమో. ఏదైనా సరే, గుడ్డ పంపు. ఉతకొద్దు, మడత కూడా మార్చొద్దు.

నీ పెద్దది

*

పెద్దదానా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది తల్లీ.

ఆ రోజు ఫోన్ పెట్టేసింది పాల కోసం కాదు. ఒకే తప్పు రెండు చోట్ల ఉంటే నకలని పట్టేస్తారని నువ్వన్నావు. చెల్లి నా గుడ్డలోంచే ఆ పిచ్చుకను తీసిందని నాకెప్పుడో తెలుసు. ఆ కర్టెన్ తెచ్చి, "నేనే ఊహించి గీశానే అమ్మా, ఎలా ఉంది?" అంటే, "నీకెలా తట్టిందే" అన్నాను. దాని మొహం అలా వెలిగిపోతుంటే ఇంకేమనను? ఇప్పుడు ఈ గుడ్డ ఎవరి కంటైనా పడితే దాన్ని దొంగంటారు, అబద్ధపు ప్రమాణం చేసిందంటారు అనుకున్నా. ఆ మధ్యాహ్నమే కూర్చుని పిచ్చుకలన్నీ విప్పేశాను. ఒక్కో కుట్టూ సూదిమొనతో లేపి. కుట్టినప్పటికన్నా విప్పేటప్పుడే కళ్ళు లాగేశాయి. సూది గుర్తులు కనపడకుండా నానబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశా. దారాలు కాల్చేశా. ఇప్పుడు కొత్త గుడ్డలా ఉంది, ఆ చిల్లు తప్ప.

తప్పు చేశానా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. నీకు నేర్పలేదన్నావు. పుస్తకంలోంచి నీ తల ఎత్తించడం నా వల్ల అయిందా ఎప్పుడైనా?

గుడ్డ పంపుతున్నా.

అమ్మ

*

చిన్నదానా,

తీర్పయ్యాక కోర్టు వరండాలో నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయావు. వెనకాలే వచ్చి పిలిచే ధైర్యం నాకు లేకపోయింది.

మన లాయరు ఆ ఉత్త గుడ్డ మీద నీ బొమ్మ ఉన్న పల్చటి కాగితం పరిచినప్పుడు, చిల్లు సరిగ్గా పిచ్చుక మెడ కింద కూర్చుంది. అందరూ దాన్ని చూశారు, నేను నిన్ను చూశాను. నీ చెయ్యి నోటి దగ్గరకు వెళ్ళింది. నీకు అప్పుడే గుర్తొచ్చింది. నువ్వు దాచలేదు. అంతవరకూ నిన్ను అనుమానించానని రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది.

"మరి ఆ కుట్టు ఏమైందండీ?" అని అడిగాడు మిల్లు లాయరు, నేను సాక్ష్యం చెబుతుంటే. అమ్మ విప్పేసిందన్నాను. "కేసు నడుస్తుండగానా? బాగుంది," అని నవ్వాడు. జడ్జి గుడ్డను వెలుతురుకెత్తి చూసి, "ఇక్కడ చిల్లు ఉంది, బొమ్మ లేదు" అన్నారు. వస్తువు తోడు లేని ఇంటివాళ్ళ మాటకు బరువుండదు. ఆ కుర్చీలో నేనున్నా అదే తీర్పు రాసేదాన్ని. నాకు మింగుడుపడనిది అదే. నీ అచ్చులు పట్టుకెళ్ళి నరికేస్తారట. ఆ రోజు నేను వచ్చి నీ పక్కన నిలబడతాను, వద్దన్నా సరే.

అమ్మ ఫోన్ చేసింది. "నా వల్లేనా?" అంది. "కాదమ్మా, ఆ కుట్టు ఉన్నా ఓడిపోయేవాళ్ళం. చట్టం అలా ఉంది," అన్నాను. ఉన్న చట్టం కాదది, నేను కల్పించింది. ఎప్పుడూ లేనిది, అమ్మ ఫోన్ పెట్టేయకుండా చివరిదాకా వింది.

రేపో మాపో నిన్నూ అడుగుతుంది. కోపం ఉంటే నా మీద తీర్చుకో, "నా వల్లేనా?" అంటే మాత్రం కాదనే చెప్పు. కానీ నా మాటల్లో చెప్పకు, నీ మాటల్లో చెప్పు. ఒకే అబద్ధం రెండు చోట్ల ఒకేలా దొరికితే అమ్మ పట్టేస్తుంది.

అక్క