కర్నల్ సాబ్ తరఫున

పెద్దోని బాపూ,

నీ కర్నల్ సాబ్ గూడ నీ తొవ్వనే పోయిండు. పొద్దుగాల హోటల్ రేడియోల చెప్పిన్రట. నువ్వుంటే ఇయ్యాల డ్యూటీకి నాగా పెట్టెటోనివి.

నల్లా కాడ అందరికి అదే ముచ్చట. రాజుల ఇంట్ల పుట్టిండు, సొంత పైసలతోని పల్టన్ పెట్టిండు, మోటార్లు, షికార్లు, సీమ గుర్రాలు. ఫౌజు రేషన్ అమ్ముకున్నడని కేసు గూడ నడిచె. ఇవన్ని నేను నీతోని ఎన్నిసార్లనలే? ఆ గుర్రాలు తిన్న ఉలవలు మన పిల్లలు తినలేదంటే, నువ్వు తువ్వాల భుజానేసుకొని సప్పుడు చేయక గనికి పోయెటోనివి. బొగ్గుల పనికొచ్చి ఇన్నేండ్లయినా ఆయన సిపాయివే.

పక్క క్వార్టర్ లచ్చక్క అన్నది: "గన్ని తుపాకులుండి, పోలీస్ యాక్షన్ల యూనియన్ మిలట్రీ రాంగనే ఒక్క గుండు పేల్చకుండ చేతులెత్తిండు. గాయనేం మిలట్రోడు?"

ఆ మాట గూడ నాదే. నేనన్నప్పుడల్లా నువ్వు ఒక్కటే చెప్పెటోనివి, "పేల్చుమంటే పేల్చెటోళ్లమే, ఆయనే వద్దన్నడు" అని.

నా బిందె నిండి పొర్లుతున్నది. నాకేమైందో, లచ్చక్క దిక్కు తిరిగిన.

"అక్కా, ఆయన పేల్చుమంటే ముందటి వరుసల ఉన్నది మా ఆయన. గా సాబ్ చేతులెత్తబట్టే నా ఇంటికి నడిచొచ్చిండు."

నేను బిందె ఎత్తుకొని వచ్చిన.

నీ తరఫున నేను కొట్లాడుడు ఇదే మొదలు. బిందె దించి, నీకు చెప్దామని లోపటి అర్రల నీ ఖాళీ మంచం దాక పోయిన.