ఒకటి మీద ఇరవై కిలోమీటర్లు

ఉప్పాడ చీరల పని మీద వెళ్తున్నానండి. చారు వేడి చేసుకోండి. ఎక్సర్‌సైజ్ సైకిలు ఎక్కేముందు పెడల్ బిగువు మార్చే నాబ్ చూడండి.

నిన్న భోజనాల దగ్గర అందరి ముందూ, "సాయిప్రసన్న ఇరవై కిలోమీటర్లు తొక్కింది, నువ్వు ఎనిమిదికే దిగిపోయావేంటి?" అన్నారు. మీ మరదలు నాబ్ ఒకటి మీద పెట్టి, వాళ్లమ్మతో ఫోన్లో కబుర్లాడుతూ తొక్కింది. నేను ఐదు మీద తొక్కాను. ఏటిగట్టు ఎక్కుతున్నట్టు మాట కూడా రాలేదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో తప్ప మీటరుకి ఇంకేం తెలియదు. మీరూ అంతే చూశారు.

తన మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

నాబ్ ఐదు మీద పెట్టాను. ఎనిమిది తొక్కి, అప్పుడు చెప్పండి.

కన్యక

గేటు దాకా వెళ్లాక మీ మోకాలు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి రెండుకి తగ్గించాను.