సూది పడుకున్న చోటు

చెల్లెలు రెబ్కాకు ఇందిరాపురం నుంచి మీ అన్నయ్య ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఒత్తులు తప్పుతాయి. ఏమీ అనుకోక కూడబలుక్కుని చదువుకో. ఇక్కడ అందరం బాగున్నాము. నువ్వడిగావు కదా, ఇక్కడి గాలిలో పొగ తగ్గింది, నా దగ్గే తగ్గలేదు. నీ మోకాలు ఎలా ఉంది?

ఈస్టర్ వెళ్ళాక తిరునెల్వేలి పోయి నథానియేలు బావ సమాధికి రాయి వేయిస్తానన్నావు. చోటు సరిగ్గా ఎక్కడని అడిగావు. యాభై ఏళ్ళుగా నీకు ఒకటే చెప్పాను, సూది పడుకున్న చోట పూడ్చానని.

సర్వేలో మేమిద్దరం మోసిన పెట్టెలో అయస్కాంతపు సూది ఉండేది. మన వైపు దాని కొన కిందికి వంగేది. దక్షిణానికి పోయేకొద్దీ లేచి, ఒకచోట నేలకు సమంగా పడుకునేది. అలాంటి చోట్లు కలిపితే వచ్చే గీత కోసమే మా తిరుగుడంతా. రోజూ సాయంత్రం బావ అడిగేవాడు. "ఏం బావా, మీ సూదమ్మ పడుకుందా, ఇంకా అలిగి కూర్చుందా?"

మొన్న మనవరాలు అబిగెయిల్‌ను ఆ గీత ఫోనులో చూడమన్నాను.

"అచ్ఛా, అదా! అది ఒకచోట ఉండదు తాతయ్యా. భూమి లోపల కరిగిన ఇనుము కదులుతుంది కదా, దాంతో అదీ జరుగుతుంది. ఇప్పుడు సౌత్‌కి పోయి సముందర్‌లో ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది రెబ్కా. గీత పోయింది, చోటు దొరకదు, ప్రయాణం మానుకోమని రాసేద్దామని కాగితం తీశాను. వెనక నుంచి "సూది పడుకుందా బావా?" అని వినపడింది. పట్టపగలు. తిరిగి చూస్తే బట్టలు ఆరేసిన స్టాండు. రెండు రోజులు కలం పట్టలేదు.

నథానియేలును నేను పూడ్చలేదమ్మా. అతనికి జ్వరం. క్యాంపు ముందుకు కదిలింది. పని పోతుందని భయపడి ఒక ముసలామె పాకలో పడుకోబెట్టి వెళ్ళాను. "వెళ్ళకు బావా" అని చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. నాలుగో రోజు సూది పడుకుంది. వెనక్కి వచ్చేసరికి ఊరివాళ్ళు ఎక్కడో పూడ్చేశారు. ఎక్కడని అడగడానికి మొహం చెల్లలేదు. నీకు ఏదో ఒక చోటు చెప్పాలి కదా, అది చెప్పాను.

ఆ ఊరి పేరు మర్చిపోలేదు. వెనక పేజీలో రాశాను. నువ్వు రమ్మంటే వస్తాను, అప్పుడు అడగని మాట ఇప్పుడు అడుగుతాను. నీ జవాబులో అన్నయ్య అని రాయకపోయినా సరే. జవాబు మాత్రం తొందరగా రాయి.

ఇట్లు,
రెబ్కా అన్న
పౌలురాజు