మొగుళ్లపల్లి రాజయ్య అడ్రసు

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీతోపాటే నీ పత్రికా ఆగిపోయింది. జనగామలో కూర్చుని, పెద్ద ఇంజన్ల పాత అమెరికా కార్ల మీద తెలుగులో పత్రిక నడిపావు. వాటిలో ఒక్కదాన్నీ కళ్లతో చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడైనా చెబుతాను. మొదటి రెండు సంచికలకు ఒక్క ఉత్తరమూ రాకపోతే నువ్వు అన్నం మానేశావు. ఆ తర్వాత ప్రతి నెలా ‘మొగుళ్లపల్లి రాజయ్య’ పేరుతో నిన్ను తిడుతూ ఉత్తరాలు రాసింది నేనే. తిడితే తప్ప నువ్వు కదలవని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎడమచేత్తో రాసి, బస్సు కండక్టరుతో మొగుళ్లపల్లి ఊళ్లోనే పోస్టు చేయించేదాన్ని. నువ్వేమో వాటిని పత్రికలో అచ్చేసి, కిందే రెండేసి పేజీల జవాబులు రాసి మురిసిపోయేవాడివి.

ఈ ఉదయం కురవి నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. నీ సంచికలన్నీ బైండు చేయించుకున్నాడట.

“అవ్వా, గా రాజయ్య తాత అడ్రసు జర చెప్పరాదు? సారుకూ ఆయనకూ అయిన లొల్లి చదివే నేను ఇంజన్ పని నేర్చుకున్న. ఒక్కసారి కాళ్లు మొక్కి పోత.”

రాజయ్యకు కప్పడానికి తెచ్చిన కొత్త టువ్వాల అతని చంకలో ఉంది. నిజం చెప్పబోయాను. చెబితే, నువ్వు అంత శ్రద్ధగా రాసిన జవాబులు కూడా అతనికి ఉత్తుత్తివైపోతాయని తోచింది.

“ఆయన లేడు బిడ్డా.”

“అయ్యో! ఎన్నడు పోయిండవ్వా?”

“మా తమ్ముడు పోయిన దినమే.”

అక్క