తట్ట అందుకునే చెయ్యి

10 ఫిబ్రవరి, సోమవారం

పెళ్లయ్యాక మా అబ్బాయి యువరాజ్ ఇవాళే మొదటిసారి వేటకెళ్లి వచ్చాడు. వాళ్ల నాన్న డింగీ పడవ పట్టుకున్నాడు. వీడు చేపల తట్టతో మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. మా ఇంట్లో పద్ధతి ఒకటే. మగాడి తట్టని ఇంటి ఆడది అందుకోవాలి. పెళ్లికి ముందు తల్లి, పెళ్లయ్యాక పెళ్లాం. అందుకునేదాకా వాడు గట్టెక్కకూడదు. ఒకసారి మా అత్త అలిగి రేవుకి రాకపోతే మామ మిట్టమధ్యాహ్నం దాకా నీళ్లలోనే నిలబడ్డాడట.

కోడలు సాయిలక్ష్మి కొత్త చీర కట్టుకుని నా పక్కనే నిలబడింది. ఈ దీవిలోనే ఊరి మధ్య గోల్ ఘర్ పిల్ల, క్లర్కు కూతురు, మాటల్లో సగం హిందీ. చేప ముట్టుకుని ఎరగదు. వాడు అలవాటులో తట్ట నా వైపు చాపాడు. నేనూ అలవాటులో అందుకున్నాను. కాదు, అలవాటేం కాదు. ఆ పిల్ల చేతులు చాపడం చూశాను. చూసే అందుకున్నాను. వాడు తెడ్డు పట్టిన రోజు నుంచీ ఆ తట్ట నాది.

జంగ్లీఘాట్ రేవులో ఆడవాళ్లంతా నవ్వారు. నా పక్కన చేపలమ్మే అచ్చమ్మ, కోడలు గుంట మొకం సూడండర్రా అనేసింది. నాకు కడుపు నిండిపోయింది.

13 ఫిబ్రవరి, గురువారం

తట్ట రాగానే ఆ పిల్ల అడ్డొచ్చి పట్టుకుంది. వదలవే అన్నాను. ఇది నా హక్కు, నువ్వే ఛోడో అత్తా అంది. లాగాను. అదీ లాగింది. చెంప మీద ఒక్కటిచ్చాను. ఏడుస్తుందనుకున్నాను. తట్టలోంచి సుర్మాయిని తోక పట్టుకు తీసి నా మూతి మీద కొట్టింది. మూరెడు చేప! పెదవి పగిలింది, కింది పన్ను కదిలింది. జుట్టు పట్టుకున్నాను. ఇద్దరం బురదలో పడ్డాం. మా ఆయనొచ్చి విడదీసేసరికి దాని గాజులు పగిలి నా మోచేతిలో గుచ్చుకున్నాయి.

చెయ్యి మాత్రం గట్టిది ముండకి.

14 ఫిబ్రవరి

దీన్ని ముక్కలు కోసి ఉప్పులో ఊరెయ్యాలి.

18 ఫిబ్రవరి, మంగళవారం

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర యువరాజ్‌తో అన్నాను, పెళ్లాన్ని అదుపులో పెట్టుకోలేవు, నువ్వేం మగాడివిరా అని. వాడు కంచం విసిరేసి కోడలున్న గదిలోకి వెళ్లాడు. మొదటి దెబ్బ వినపడింది. నిజమే రాస్తాను, హాయిగా అనిపించింది. రెండోది. మూడోది. తర్వాత వాడు బయటికొచ్చి, గుమ్మం పక్కనున్న ఐస్ కొట్టే కర్ర తీసుకుని లోపలికెళ్లాడు.

నేను లేచి వెళ్లేసరికి ఆ పిల్ల గది మూల నేల మీద ఉంది. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారుతోంది. మా అమ్మ మీద చెయ్యెత్తుతావా అంటున్నాడు వీడు. మా అమ్మ మీద. మా అమ్మ మీద. ప్రతి దెబ్బకీ నేనే. అది అరవటం లేదు. నన్ను చూసి అత్తా అంది. ఒక్కసారే అంది.

కర్ర వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాడు నవ్వాడు. నువ్వు కొడతావేటమ్మా, కొట్టు అని పక్కకి జరిగాడు కూడా. వాడి కుడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. అమ్మా అని కూలబడ్డాడు. ఇంకోటి కొట్టాను.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. కొడుకు చెయ్యి ఇరగ్గొట్టీసినావేటే, రేపట్నుంచి డింగీ నువ్వు తోల్తావా అని నన్ను గోడకేసి తోశాడు. తల తిరిగింది. అయినా కర్ర ఆయన మీదికీ ఎత్తాను. రా, నీకూ ఉంది అన్నాను. ఆయన బయటికెళ్లి కూర్చున్నాడు.

19 ఫిబ్రవరి

మొన్న రాత్రే ఆస్పత్రిలో దానికి కుట్లు, వాడికి పిండికట్టు వేశారు. డాక్టరు కిస్నే మారా అని అడిగితే, కోడల్ని కొడుకు, కొడుకుని నేను అని చెప్పాను.

దాని తండ్రి గోపినాథ్ ఆస్పత్రికి వచ్చాడు. తీసుకుపోతాడనుకున్నాను. పెళ్లయి నెల కాలేదు బేటీ, సర్దుకుపో, లోగ్ క్యా బోలేంగే, నలుగురూ ఏమంటారు అన్నాడు. ఆ కుట్లు చూస్తూనే అన్నాడు. నా చేతిలో కర్ర లేకపోబట్టి బతికాడు.

ఇంటికి తెచ్చుకున్నాను. నా పక్కనే పడుకుంటోంది. మొగుణ్నీ కొడుకునీ వరండాలోకి తోలాను.

6 మార్చి, గురువారం

చేప కొయ్యడం నేర్పుతున్నాను. తోక పట్టుకోవడం నీకు నేర్పనక్కర్లేదులే అన్నాను. అది నవ్వింది. నవ్వితే మచ్చ లాగుతోందట. వాడితో ఉంటావా, పోతావా అని అడిగాను. ఏటో తెలీట్లేదత్తా అంది. ఉన్నా పోయినా నా పక్కన చోటుందని చెప్పాను.

సాయంత్రం యువరాజ్ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కట్టు విప్పాక ఇంక ఎప్పుడూ తట్ట నీకే ఇస్తానమ్మా, దానికియ్యను అన్నాడు. చిన్నప్పుడు జ్వరం తగిలితే కూర్చున్నట్టే కూర్చున్నాడు. నా గుండె కరిగింది.

7 ఏప్రిల్, సోమవారం

పోయినవారం కట్టు విప్పారు. ఇవాళ వాడు వేటకెళ్లి వచ్చాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి తట్ట నా వైపు చాపాడు. నేను కదల్లేదు. పక్కనున్న కోడలి వైపు చాపాడు. అది చేతులు కట్టుకుంది. రేవులో ఆడవాళ్లంతా బేరాలు ఆపి చూశారు. అచ్చమ్మ ఒక్కతే, అందుకోయే కామమ్మా, కన్నకొడుకే అని ఏడ్చింది.

నేనూ చేతులు కట్టుకున్నాను.

ఇద్దరం ఇంటికొచ్చి వంట చేసుకుని తిన్నాం. వాడింకా నీళ్లలోనే ఉన్నాడట.