నాలుగూ పన్నెండుకి తెగిన కాల్

అన్నయ్యకి,

వదినకి మోకాలి నొప్పి తగ్గిందా? నేను కులాసాగా ఉన్నానని రాద్దామనుకున్నాను గానీ, నీ దగ్గర దాపరికం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ముందు కంప్యూటర్ గోల చెప్తాను, తర్వాత నా గోల.

ఆసుపత్రి సలహా లైనుకి ఇంటి నుంచే కాల్స్ తీసుకుంటున్నానని నీకు తెలుసు కదా. రెండు నెలలుగా వైఫై ప్రాణం తీస్తోంది. బాగానే నడుస్తూ నడుస్తూ మూడు నాలుగు సెకన్లు బిగుసుకుపోతుంది. రోగి మాట ఆగిపోయి, తర్వాత అంతా ఒక్కసారి మీద పడుతుంది. రూటర్‌ని అల్మరా పైకెక్కించాను. మైక్రోవేవ్ ఆపించాను. మీ బావగారి ఫోను, పిల్ల టాబ్లెట్ నెట్ నుంచి తీయించాను. వైరు వేస్తే శుభ్రంగా ఉంది గానీ, అది హాలు దాటి రావాలి. పిల్ల తట్టుకుని పడి పెదవి చిట్లించుకుంది, తీసేశాను. నువ్వు చెప్పిన పింగ్ పరీక్ష వారం రోజులు నడిపాను. సెకనుకోసారి కంప్యూటర్ రూటర్‌ని పలకరిస్తే, జవాబు ఎంతసేపటికి వచ్చిందో ఒక ఫైల్లో పడింది. ఆ ఫైలు, నా కాల్స్ పట్టీ పంపుతున్నాను.

ఇక అసలు సంగతి. పోయిన మంగళవారం సాయంత్రం నాలుగూ పన్నెండుకి ఒక పెద్దావిడ కాల్ తెగిపోయింది. రోజుకి మూడుసార్లు చేసే మనిషి. భర్తకి తేన్పు వచ్చినా మాకు చెప్పాల్సిందే. మా నర్సులం ఆవిడకి ‘హాజరుపట్టీ’ అని పేరు పెట్టుకున్నాం. ఆ రోజు ఆయనకి నిజంగానే గుండెనొప్పి. ఆవిడకి మళ్ళీ లైను దొరకడానికి అరగంట పట్టింది. అంబులెన్సు వెళ్ళేసరికి ఆయన లేరు.

విచారణ పెట్టారు. లైను తెగిందని రాసిచ్చాను. ఎవరు పెట్టేశారన్నది పట్టీలో పడదు. నెట్ బాగుచేయడమే నీ వృత్తి కాబట్టి, తప్పు వైఫైదేనని నువ్వు ఒక కాగితం రాసి సంతకం పెడితే నా ఉద్యోగం నిలబడుతుంది. తొందరగా పంపు అన్నయ్యా.

నీ చెల్లెలు

*

చిట్టీ,

రోగం దొరికింది. ఇంట్లో నెట్ ఉండగానే, బయట ఇంకోటేమైనా దొరుకుతుందేమోనని నీ కంప్యూటర్ ఐదు నిమిషాలకోసారి చుట్టుపక్కలంతా వెతుకుతోంది. పెళ్ళయ్యాక కూడా సంబంధాలు చూసే రకం. వెతికే ఆ కాసేపూ నీ పని ఆగిపోతుంది. ఆ వెతుకులాట ఎలా ఆపాలో వెనక పేజీలో రాశాను. రూటర్‌ని అల్మరా మీంచి దించెయ్, దాని తప్పేమీ లేదు.

ఫైలు మొత్తం రెండుసార్లు చూశాను. సున్నా, ఐదు, పది, పదిహేను, ఆ నిమిషాల్లోనే ఆగింది. మంగళవారం నాలుగూ పదికి నాలుగు సెకన్లు ఆగింది. నాలుగూ పన్నెండుకి నీ లైను మంచినీళ్ళలా నడుస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. నాలుగు సెకన్ల ఆగుడుకి కాల్ తెగిపోదు.

అడిగిన కాగితం ఇందులోనే ఉంది. మంగళవారం సాయంత్రం నాలుగు తర్వాత లైను తడబడిందని రాశాను. అందులో అబద్ధం లేదు. పన్నెండో నిమిషం సంగతి వాళ్ళు అడగకపోతే నేనూ చెప్పను. ఏం జరిగిందో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. నా చెల్లెల్ని వీధిన పడనివ్వను, అంతే. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

అన్నయ్య

*

అమ్మగారికి నమస్కారాలు.

మీరు ఆసుపత్రికి రాసిన ఉత్తరం విచారణవాళ్ళు నిన్న నాకు చూపించారు. మీ ఫోను నడిచే నెట్ పెట్టె మీద మిణుకుమనే దీపం వల్ల మీ వారికి నిద్ర పట్టడం లేదని, ఆ పొద్దునే దాన్ని మంచం పక్కనుంచి తీసి వంటింట్లో ఫ్రిజ్ వెనక పెట్టానని రాశారు. ‘అక్కడ పెట్టబట్టే ఫోను తెగిపోయింది, నా చేతులతో నేనే ఆయన్ని పోగొట్టుకున్నాను, ఆ నర్సమ్మని ఏమీ అనకండి’ అని రాశారు. ఆ ఒక్క మాటా నాలుగుసార్లు చదివాను. విచారణలో గెలిచానని అక్కడున్న పెద్దాయన నా భుజం తట్టారు.

అమ్మా, ఆ రోజు మీ ఫోను తెగలేదు. మీ మాట ఎదురుగా కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది. ‘ఎడమ చెయ్యి లాగేస్తోందంటున్నారమ్మా, ఒళ్ళంతా చెమటలు’ అన్నారు. పొద్దుటినుంచి మీది మూడో కాల్. మళ్ళీ మొదలెట్టారనుకున్నాను. ‘మీ మాట తెగుతోందండీ, వినిపించడం లేదు’ అన్నాను. మీరు పాపం గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచి చెప్పారు. నేను మళ్ళీ అదే మాటన్నాను. తర్వాత నేనే పెట్టేసి, టీ పెట్టుకోవడానికి లేచాను.

మా ఇంట్లో లైను నిజంగానే ఇబ్బంది పెడుతుండేది. మొదట్లో నిజంగా ఆగినప్పుడే ఆ మాట అనేదాన్ని. ఆ మాటంటే ఎవరూ తప్పుపట్టరని తెలిశాక, విసుగొచ్చినప్పుడల్లా అన్నాను. వారానికి ఐదారుగురితో అన్నాను. అందరూ ‘అయ్యో, పర్లేదమ్మా’ అన్నవాళ్ళే.

అప్పుడే అంబులెన్సు పంపి ఉంటే ఆయన బతికేవారని చెప్పలేను. బతికేవారు కాదనీ చెప్పలేను. ఆ అరగంట మాత్రం మీ దగ్గరనుంచి నేను తీసుకున్నాను. నన్ను కాపాడే కాగితం ఒకటి నా దగ్గరుంది, అది నేను ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఉత్తరం నకలు ఈ పొద్దునే విచారణవాళ్ళ చేతిలో పెట్టి వచ్చాను. రేపటినుంచి నాకు పని ఉండదు. ఆ పైన ఏం చేస్తారో నాకు తెలియదు.

క్షమించమని అడగడానికి రాయడం లేదు. నన్ను తిట్టండి, మా ఇంటికొచ్చి నలుగురిలో తిట్టండి. మిమ్మల్ని మీరు మాత్రం ఏమీ అనుకోకండి. మీరు సరిగ్గానే చెప్పారు, సమయానికే చెప్పారు. ప్రతి మాటా నాకు వినిపించింది.

మంగళవారం మీ కాల్ తీసిన నర్సు